మిర్చి సీజన్‌కు ముందే క్లస్టర్ సర్దుకో

కాజీపేట

బిడ్డా,

హన్మకొండ ఆఫీసులో ఖాళీగా పడున్న మూడు మిషన్ల మీద కుబర్నెటీస్ (యాప్‌ను కొన్ని మిషన్ల గుంపు మీద, అంటే క్లస్టర్ మీద నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి, మీ మిర్చి ధరల యాప్‌ను అందులోకి మారుస్తానని రాసినవు. గూగుల్ 2014లో బయటపెట్టిన ఓపెన్ సోర్స్ సరుకే, లైసెన్సు ఖర్చు లేదు. కాకపోతే యాప్ పది నిమిషాలు ఆగినా ఎవరూ ఫోన్ చెయ్యకపోతే ఒక్క మిషన్‌లోనే కంటైనర్లను (యాప్ కట్టిన మూటలను) నడిపే డాకర్ కంపోజ్ చాలు, ఈ బరువు నెత్తికెత్తుకోకు. ఏనుమాముల మార్కెట్‌లో వేలం టైముకు అందరూ ఒక్కసారే ధర చూస్తరు, అప్పుడు ఆగొద్దు అనుకుంటేనే ముందుకు పో.

మీ మిషన్లకు కే3ఎస్ సరిపోతది. కుబర్నెటీస్‌నే చిన్న మూటగా కట్టింది, కంటైనర్లను నడిపే కంటైనర్‌డీ అందులోనే ఉంటది. మూడింటినీ సర్వర్లుగానే (క్లస్టర్‌ను నడిపించేవిగానే) పెట్టు: మొదటిదానికి క్లస్టర్-ఇనిట్ (కొత్త క్లస్టర్ మొదలుపెట్టే ఆప్షన్) ఇచ్చి, మిగతా రెండింటినీ టోకెన్‌తో (చేరడానికి రహస్య పదంతో) కలుపు. రెండే పెడితే ఒకటి పోగానే రెండోదీ చేతులెత్తేస్తది, క్లస్టర్ వివరాలన్నీ రాసిపెట్టే ఈటీసీడీకి సగం కంటే ఎక్కువ ఓట్లు కావాలె మరి. ఒక్కోదానికి 4 జీబీ ర్యామ్ తగ్గకుండా చూడు. ఎస్‌ఎస్‌డీ దగ్గర మాత్రం బేరమాడకు. ఈటీసీడీ ఏది రాసినా డిస్కులో పడ్డదాకా ఆగుతది. పాత హార్డ్ డిస్కు ఆలస్యానికి లీడర్ ఎన్నిక మాటిమాటికీ జరుగుతది, నువ్వేమో నెట్‌వర్క్ పోయిందనుకొని వైర్లు మారుస్తవు.

కరెంటు పోయి వచ్చినప్పుడు రెండు చిక్కులు. రౌటర్ కొత్త ఐపీలు పంచితే ఈటీసీడీ తన తోటివాళ్లను గుర్తుపట్టదు, అందుకే స్థిర ఐపీలు ఇయ్యి. మదర్‌బోర్డు సెల్లు అయిపోయిన పాత మిషన్ గడియారం వెనక్కి పోయి లేస్తది, ‘సర్టిఫికెట్ ఇంకా చెల్లదు’ అని మొత్తుకుంటది. సెల్లు మార్చి, గడియారం సరిచేసే క్రోనీ పెట్టు. ఫైర్‌వాల్‌లో 6443, 10250, 2379, 2380 టీసీపీ పోర్టులు తెరవడం ఎవరూ మర్చిపోరు. మర్చిపోయేది యూడీపీ 8472. అది మూసి ఉన్నా నోడ్లన్నీ (క్లస్టర్‌లోని మిషన్లన్నీ) ‘రెడీ’ అనే చూపిస్తయి, కాని ఒక నోడ్‌లోని పాడ్‌కు (కంటైనర్ నడిచే చిన్న గూటికి) పక్క నోడ్‌లో ఉండి పేర్లను ఐపీలుగా మార్చే కోర్‌డీఎన్‌ఎస్ అందదు. ఒక మిషన్‌లో పనిచేసిన యాప్ ఇంకోదాంట్ల పనిచెయ్యదు.

ఇక యామెల్‌లో (సెట్టింగుల ఫైల్‌లో) నువ్వు రాసే అంకెలు. సగం తిప్పలు ఇక్కడే. పాడ్ల వాడకం చూపే ‘కుబ్‌సీటీఎల్ టాప్ పాడ్’ కమాండ్ వారం పాటు చూడు. మామూలు వాడకాన్ని రిక్వెస్ట్‌గా (పాడ్‌కు పక్కన పెట్టే వాటాగా), రద్దీ వాడకం మీద ఇంకో పావు కలిపి మెమరీ లిమిట్‌గా పెట్టు. సీపీయూ లిమిట్ దాటితే యాప్ నెమ్మదిస్తది, అంతే. మెమరీ లిమిట్ దాటితే ప్రాసెస్‌ను చంపేస్తది, కోడ్ 137 కనిపిస్తది. సీపీయూ రిక్వెస్ట్ రాయకపోతే హెచ్‌పీఏ (వాడకాన్ని బట్టి పాడ్లను పెంచేది) శాతం లెక్కకట్టలేదు, ‘అన్‌నోన్’ అని ఊరుకుంటది. రాసినా వేలం తాకిడి ఒక్కసారే వస్తది, కొత్త పాడ్ లేచేలోపు పని చెడుతది. పొద్దున్నే కనీస పాడ్ల సంఖ్య పెంచేటట్టు టైముకు తనే నడిచే ఒక క్రాన్‌జాబ్ పెట్టుకో.

లైవ్‌నెస్ ప్రోబ్‌లో (బతికి లేదనిపిస్తే రీస్టార్ట్ చేసే పరీక్షలో) యాప్ డేటాబేస్‌ను అస్సలు ముట్టుకోకు. డేటాబేస్ కాస్త నెమ్మదిస్తే పాడ్లన్నీ ఒకేసారి రీస్టార్ట్ అయి, మళ్లీ కనెక్షన్లకు ఎగబడి దాన్ని పూర్తిగా పడగొడ్తయి. ఆ డేటాబేస్ పరీక్ష రెడీనెస్ ప్రోబ్‌లో పెడితే ట్రాఫిక్ ఆపుతది తప్ప పాడ్‌ను చంపదు. అసలు డేటాబేస్‌ను క్లస్టర్ బయటే వేరే మిషన్‌లో ఉంచు. కే3ఎస్ ఇచ్చే లోకల్-పాత్ స్టోరేజ్ ఒక్క నోడ్ డిస్కుకే కట్టేసి ఉంటది. ఆ నోడ్ పోతే పాడ్ ఇంకోచోట లేవలేక ‘పెండింగ్’లో కూర్చుంటది.

ఇమేజ్ (కంటైనర్ తయారయ్యే అచ్చు) ట్యాగ్, అంటే వెర్షన్ పేరు, ప్రతిసారీ మార్చు. పాత ట్యాగ్ మీదే కొత్త ఇమేజ్ తోస్తే, అప్పటికే దించుకున్న నోడ్ దాన్ని మామూలుగా మళ్లీ అడగదు. ఒక రైతుకు పాత స్క్రీన్, ఇంకొకరికి కొత్తది.

ఏదన్నా పడితే వెంటనే డిలీట్ కొట్టకు. ముందు ‘డిస్క్రైబ్ పాడ్’ కింద ఈవెంట్లు చదువు, అవి మామూలుగా గంటకే చెరిగిపోతయి. తర్వాత ‘లాగ్స్’కు ‘ప్రీవియస్’ తగిలించు, చచ్చిపోయిన కంటైనర్ చివరి మాటలు అందులో ఉంటయి.

ఈటీసీడీ స్నాప్‌షాట్ (బ్యాకప్ కాపీ) 12 గంటలకోసారి కే3ఎస్ తనే తీస్తది, 5 దాచుతది, కాని అదే డిస్కులో. రోజూ బయటికి కాపీ చెయ్యి. సర్వర్ టోకెన్‌ను కూడా వేరే చోట రాసిపెట్టు, అది లేకుండా స్నాప్‌షాట్ ఎక్కదు. వెర్షన్ పెంచేటప్పుడు ఒక్కో మెట్టే ఎక్కు.

యాప్‌ను జనానికి ఇచ్చే ముందు, మార్కెట్ సెలవు రోజు చూసి ఒక మిషన్ ప్లగ్గు పీకు. నోడ్ పోయిందని తేల్చుకోవడానికి నిమిషం దాకా, పాడ్లను వేరేచోట లేపడానికి డిఫాల్టుగా ఇంకో 5 నిమిషాలు పడుతది. ఆ సందులో యాప్ ఆగిందంటే యాప్ పాడ్ల కాపీలన్నీ ఒకే నోడ్‌లో ఉన్నయేమో చూడు. ఉంటే యాంటీ-అఫినిటీ (ఒకే నోడ్‌లో పడొద్దనే నియమం) రాసి విడదియ్యి, మళ్లీ పీకి చూడు.

నీ పెద్దబాపు