రిపోర్టులు బాగున్నాయంటే రెటీనా కూడా బాగున్నట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: నాన్నగారికి పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ లెక్క చెప్పే పరీక్ష) 6.4, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) నార్మల్, కొలెస్ట్రాల్ నార్మల్. "రిపోర్టులన్నీ బాగున్నాక ఇక కళ్లెందుకు చూపించుకోవడం" అంటున్నారు. పోనీ, రెటీనా (కంటి లోపల వెనక ఉండే చూపు పొర) జబ్బును రక్తంలోనే పట్టే పరీక్ష ఏదైనా ఉంటే అది చేయిద్దామని మీ ఆలోచన.

షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నదా లేదా అన్నది తేల్చి చెప్పే రక్తపరీక్ష లేదండి. ఆయన్ని ఎలాగైనా ఒప్పించి, కళ్లలో చుక్కలు వేసి రెటీనా చూసే డాక్టరు దగ్గరికి ఈ నెలలోనే తీసుకెళ్లండి. నేను పదిహేడేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. నాకూ షుగర్ ఉంది. మీ నాన్నగారు ఇప్పుడు అంటున్న మాటే ఒకప్పుడు నేనూ అన్నాను, ఆ మాట నా ఎడమ కంటికి నష్టం చేసింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాకు నలభై ఒకటో ఏట షుగర్ బయటపడింది. అప్పుడు హెచ్‌బీఏ1సీ 10.9. మొదటి రోజే డాక్టరుగారు కంటి పరీక్షకు కూడా చీటీ రాశారు. చూపు బాగానే ఉంది కదా, ముందు షుగర్ సంగతి చూద్దాం అని దాన్ని ఫైల్లో పెట్టేశాను. మందులు, నడక, తిండిలో కట్టుబాటు, అన్నీ పట్టుదలగా పాటించాను. ఐదు నెలల తర్వాత నా శాంపిల్‌ని నేనే యంత్రంలో పెట్టాను. ఊదారంగు మూత ట్యూబును నెమ్మదిగా పైకీ కిందికీ తిప్పి, రాక్‌లో నిలబెట్టి, తెర ముందు నించున్నాను. గ్రాఫు గీసుకుంటూ వచ్చింది. పాతదానితో పోలిస్తే హెచ్‌బీఏ1సీ శిఖరం సగానికి కాస్త ఎక్కువగా ఉందంతే. 6.3. ఆ రిపోర్టు ప్రింటు తీసి ఇంట్లో అందరికీ చూపించాను.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కుడి కంట్లో నలక పడింది. ఆ కన్ను మూసి నలుపుకుంటూ, ఎడమ కంటితో శాంపిళ్ల రిజిస్టరు చూస్తున్నాను. పేజీలో గీసిన నిలువు గీత మధ్యలో లోపలికి నొక్కినట్టు వంగి ఉంది. కాగితం ముడత పడిందేమో అనుకుని చేత్తో సాపు చేశాను. పేజీ తిప్పాను. ఆ పేజీలోనూ గీత అక్కడే వంగింది. రెండు కళ్లూ తెరిస్తే మాత్రం తిన్నగానే ఉంది. కుడి కన్ను బాగుండడంతో ఎడమ కంటి లోపం ఎన్నాళ్లుగా ఉందో నాకు తెలియకుండా పోయింది.

కంటి డాక్టరుగారు చుక్కలు వేసి చూశారు, ఫొటో తీశారు, రెటీనాను అడ్డంగా కోసినట్టు చూపే ఓసీటీ స్కాన్ చేశారు. ఫొటోలో ఎర్రటి చుక్కలు చెదురుమదురుగా ఉన్నాయి, మధ్యభాగానికి ఒక పక్కన పసుపుపచ్చటి మచ్చలు ఉంగరంలా చేరాయి. మంచి చూపునిచ్చే మాక్యులా దగ్గర రెటీనా సహజంగా చిన్న గుంటలా ఉండాలి. నా స్కాన్‌లో అది గుట్టలా ఉబ్బి, లోపల నీరు చేరిన నల్లటి ఖాళీలు కనిపించాయి. నేను బ్యాగులోంచి 6.3 రిపోర్టు తీసి చూపించాను. ఆవిడ దాన్ని చూసి, "మొదట్లో ఎంత ఉండేది? ఎన్నాళ్లలో ఇంతకు దిగింది?" అని అడిగారు. ఆ రెండో ప్రశ్న అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు.

షుగర్ చాలాకాలం ఎక్కువగా ఉండి, రెటీనా అప్పటికే దెబ్బతిని ఉన్నవాళ్లలో, దాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే కొందరికి కంటి జబ్బు కొన్ని నెలలపాటు ముదురుతుంది. 1993లో ఫలితాలు వెలువడిన డీసీసీటీ అనే పెద్ద అధ్యయనం ఉంది. టైప్ 1 షుగర్ ఉన్న 1,441 మందిని సగటున ఆరున్నరేళ్లు గమనించారు. షుగర్‌ను గట్టిగా అదుపు చేసిన గుంపులో మొదటి ఏడాది 13.1 శాతం మందికి రెటీనా పరిస్థితి దిగజారింది. మామూలు చికిత్స గుంపులో అది 7.6 శాతమే. ఇది విని షుగర్ తగ్గించకూడదేమో అనుకోకండి. అదే అధ్యయనంలో, మొదట్లో కళ్లు బాగున్నవాళ్లకు గట్టి అదుపువల్ల రెటీనా జబ్బు వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది, అప్పటికే కొంత జబ్బు ఉన్నవాళ్లలో అది ముదరడం 54 శాతం తగ్గింది. షుగర్ తగ్గించాల్సిందే. తగ్గించేముందు ఒకసారి, తగ్గుతున్నప్పుడు మధ్యమధ్యలో రెటీనా చూపించుకోవాలి. నేను చేయనిది అదే. షుగర్ తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ మీద 2016లో వచ్చిన సస్టెయిన్-6 అధ్యయనంలోనూ రెటీనా సమస్యలు మందు తీసుకున్నవాళ్లలో 3 శాతం, తీసుకోనివాళ్లలో 1.8 శాతం కనిపించాయి. షుగర్ వేగంగా దిగడమే దానికి ముఖ్య కారణమని వివరిస్తారు. నాన్నగారికి ఈమధ్య మందు మార్చి ఉంటే ఆ సంగతి కంటి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఇక 6.4 అన్న అంకె సంగతి. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఆ రోజుల్లో హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో హెచ్‌బీఏ1సీ కొలుస్తుంది. అంటే గడిచిన రెండు మూడు నెలల లెక్క, అందులోనూ చివరి నెల వాటా సగం దాకా ఉంటుంది. మీ నాన్నగారి రెటీనాలో సన్న రక్తనాళాలు మోసింది పన్నెండేళ్ల షుగర్‌ని. బయటపడకముందు ఎన్నేళ్లు ఉందో అది అదనం. డీసీసీటీ ముగిశాక అందులోనివాళ్లను ఇంకా చాలా ఏళ్లు గమనించారు. రెండు గుంపుల హెచ్‌బీఏ1సీలూ దాదాపు ఒకటే అయిపోయినా, మొదట్లో షుగర్ ఎక్కువగా ఉన్న గుంపు కళ్లే ఏళ్ల తరబడి ఎక్కువగా దెబ్బతింటూ వచ్చాయి. రక్తం నాలుగు నెలల్లో పాత లెక్క చెరిపేసుకుంటుంది, రెటీనా అలా చెరుపుకోదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. షుగర్ జబ్బు అని ముద్ర వేయడానికి 6.5 అనే గీత ఎక్కడిది? 2009లో అంతర్జాతీయ నిపుణుల కమిటీ ఆ గీత గీసింది రెటీనాను చూసే. ఆ స్థాయి నుంచి షుగర్ తాలూకు రెటీనా జబ్బు ఎక్కువమందిలో కనబడటం మొదలవుతుందని గమనించి దాన్ని ఎంచుకున్నారు. అంటే ఆ గీత కింద ఉన్నంతమాత్రాన ఒకరి కళ్లకు హామీ లేదు. డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అనే అధ్యయనంలో ఇంకా షుగర్ అంచునే ఉన్నవాళ్లలోనూ దాదాపు 8 శాతం మంది రెటీనాలో ఆ మార్పులు కనిపించాయి.

హెచ్‌బీఏ1సీ అంకె కూడా అందరిలోనూ నిజం చెప్పదు. ఎర్ర కణాలు త్వరగా నశించిపోయే రక్తహీనత ఉన్నా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా, రక్తస్రావం జరిగినా హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపం ఉంటే ఎక్కువ చూపించవచ్చు. హిమోగ్లోబిన్ రకంలోనే పుట్టుకతో తేడా ఉంటే యంత్రాన్ని బట్టి అటూ ఇటూ పోతుంది. ఒకసారి మా బెంచీ మీదికి వచ్చిన శాంపిల్‌లో హెచ్‌బీఏ1సీ 4.9 వచ్చింది, అదే మనిషి పరగడుపు షుగర్ 190 దాటింది. గ్రాఫులో ఉండకూడని చోట ఇంకో శిఖరం నిలబడి ఉంది. ఆ 4.9ని అలాగే పంపితే ఆ మనిషి ఎంత నిశ్చింతగా ఉండేవారో అని ఇప్పటికీ అనుకుంటాను. కాబట్టి నాన్నగారి హిమోగ్లోబిన్ ఎంతుందో చూడండి. ఇంట్లో చూసుకునే షుగర్ అంకెలకూ 6.4కూ పొంతన లేకపోతే ఫ్రక్టోసమైన్ పరీక్ష గురించి అడగండి. అది రెండు మూడు వారాల లెక్క చెబుతుంది, హిమోగ్లోబిన్‌తో దానికి పని లేదు.

మిగతా రిపోర్టుల్లో నేను బాగా పట్టించుకునేది మూత్రంలో పోయే అల్బుమిన్ అనే ప్రోటీన్. రక్తపరీక్ష కాకపోయినా చెబుతున్నాను. కిడ్నీలోనూ రెటీనాలోనూ దెబ్బతినేవి సన్న రక్తనాళాలే, రెండు జబ్బులూ తరచు జంటగా వస్తాయి. క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుంది, అది నార్మల్ అన్నంతమాత్రాన కిడ్నీ క్షేమమని కూడా చెప్పలేం. అల్బుమిన్ పోతోందంటే రెటీనాను వెంటనే చూపించాలి. పోవడం లేదంటే రెటీనా బాగుందని మాత్రం అర్థం కాదు. నాకు అల్బుమిన్ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఆ పసుపు మచ్చలు ఎక్కువగా పేరుకుంటాయి. అకార్డ్ ఐ అధ్యయనంలో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌తోపాటు, ట్రైగ్లిజరైడ్లు తగ్గించే ఫెనోఫైబ్రేట్ వాడినవాళ్లలో నాలుగేళ్లలో 6.5 శాతం మందికే రెటీనా జబ్బు ముదిరింది, వాడనివాళ్లలో 10.2 శాతం మందికి. అంతకుముందు ఇదే ఫెనోఫైబ్రేట్ మీద జరిగిన ఫీల్డ్ అధ్యయనంలో కంటికి లేజర్ చికిత్స అవసరం తగ్గింది గానీ, ఆ మేలుకు రక్తంలో కొవ్వు స్థాయిలతో సంబంధం కనబడలేదు. అంటే మందు కంటికి మేలు చేసింది, ఆ మేలు లిపిడ్ రిపోర్టులో కనిపించలేదు. ఇంతకీ బీపీ సంగతి మీరు రాయలేదు. యూకేపీడీఎస్ అనే బ్రిటన్ అధ్యయనంలో బీపీని గట్టిగా అదుపు చేస్తే రెటీనా దిగజారడం 34 శాతం తగ్గింది. కొలెస్ట్రాల్ కంటే ముందు నేను దాని గురించే అడుగుతాను.

కంట్లో వేసే ఇంజెక్షన్లు రక్తనాళాలు కారేలా చేసే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటాయి కదా, దాన్నే రక్తంలో కొలిస్తే సరిపోదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. సరిపోదు. ఆ ప్రోటీన్ పెరిగేది కంటి లోపలి ద్రవంలో. పైగా రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమలో దాచుకున్న వీఈజీఎఫ్‌ని వదులుతాయి. ఒకే మనిషి నుంచి ఒకే నిమిషంలో తీసిన రక్తాన్ని గడ్డకట్టనిచ్చి కొలిస్తే ఒక అంకె, గడ్డకట్టనివ్వకుండా కొలిస్తే దానికంటే బాగా తక్కువ అంకె వస్తాయి. ట్యూబు మూత రంగును బట్టి మారిపోయే అంకెను చూసి కన్ను ఎలా ఉందో ఎలా చెబుతాం?

అలాగని కంటికి రక్తపరీక్షలు పనికిరావని అనను. కొన్ని జబ్బుల్లో అవే దారి చూపిస్తాయి. యాభై దాటినవాళ్లకు కొత్తగా కణతల నొప్పి, నములుతుంటే దవడ నొప్పి, దువ్వుకుంటే తల నొప్పెట్టడం ఉండి చూపు మసకబారితే, అది పెద్ద రక్తనాళాల వాపు కావచ్చు. ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షలు, ప్లేట్‌లెట్లు ఆ రోజే చూడాలి, అనుమానం బలంగా ఉంటే ఇంకే ఫలితం కోసమూ ఆగకుండా స్టెరాయిడ్ మొదలుపెడతారు. ఆలస్యమైతే రెండో కన్ను కూడా పోవచ్చు. రెటీనాలో వాపు జబ్బులకు సిఫిలిస్, క్షయ పరీక్షలు చేయిస్తారు, ఎందుకంటే ఆ రెండింటికీ మందుంది. బర్డ్‌షాట్ అనే అరుదైన రెటీనా జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ రక్తంలో హెచ్ఎల్ఏ-ఏ29 అనే వంశపారంపర్య గుర్తు ఉంటుంది, అది లేదంటే ఆ జబ్బు కాకపోవచ్చని డాక్టర్లు వెనక్కి తగ్గుతారు. రేచీకటితో మొదలయ్యే కొన్ని వంశపారంపర్య జబ్బుల్లో రక్తంలో ఫైటానిక్ ఆమ్లం పెరిగితే రెఫ్సమ్ వ్యాధి, ఆర్నిథిన్ పెరిగితే గైరేట్ అట్రోఫీ అని తేలుతుంది. వాటిని ఆహారం మార్చి కొంత అదుపు చేయవచ్చు. కీళ్లకు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవాళ్లు కిడ్నీ పరీక్ష చూసుకుంటుండాలి, కిడ్నీ మందగిస్తే ఆ మందు రెటీనాను దెబ్బతీసే ముప్పు పెరుగుతుంది. ఇవేవీ మీ నాన్నగారి విషయం కాదు కాబట్టి ఇంతటితో ఆపుతాను.

నా ఎడమ కంటికి ఇప్పటిదాకా తొమ్మిది ఇంజెక్షన్లు పడ్డాయి. ఉబ్బు తగ్గింది, అక్షరాలు చదవగలుగుతున్నాను. రిజిస్టరులో గీత మాత్రం ఇప్పటికీ కాస్త వంగే కనిపిస్తుంది. అది ఇక అంతేనన్నారు.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు 6.4 రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్లకండి. దొరికినంతవరకు పాతవన్నీ, ముఖ్యంగా పన్నెండేళ్ల కింద మొదట వచ్చిన అంకె, ఇన్సులిన్ గానీ కొత్త మందు గానీ ఎప్పుడు మొదలైందో రాసిన కాగితం, ఈమధ్య చూసిన బీపీ తీసుకెళ్లండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరి వస్తువులు మసగ్గా ఉంటాయి, వెలుతురు పడదు. ఆయన బండి నడపకూడదు, మీరు వెంట ఉండండి, ఆయనకు చలవ కళ్లద్దాలు తీసుకెళ్లండి. కళ్లద్దాల నంబరు చూసి పంపేస్తే ఒప్పుకోకండి, "చుక్కలు వేసి రెటీనా చూడండి" అని అడగండి. అంతా బాగుందంటే మళ్లీ ఎప్పుడు రావాలో రాయించుకోండి, మామూలుగా ఏడాదికోసారి. వెళ్లేలోగా ఇంట్లోనే ఒక పని చేయించండి: తిన్నటి గీతలున్న కాగితాన్ని చదివే దూరంలో పట్టుకుని, చదివే అద్దాలు ఉంటే పెట్టుకుని, ఒక్కో కన్ను మూసి రెండో కంటితో చూడమనండి. గీత ఎక్కడైనా వంగినా, మధ్యలో చెరిగినట్టున్నా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకండి, ఆ రోజే వెళ్లండి.