థార్ రాక్స్ ఆఫ్‌రోడ్‌కి పనికిరాదా? రెండు బళ్లూ నడిపాక నాకు అనిపించింది

మీ ప్రశ్న ఇది: మూడు డోర్ల థార్ ఉన్న స్నేహితులంతా మహీంద్రా ఐదు డోర్ల థార్ రాక్స్‌ని "ఫ్యామిలీ కారు, దానికి థార్ అనే పేరే దండగ" అంటున్నారు. మీకేమో ఇద్దరు పిల్లలు, ఊళ్లో పొలం, వానాకాలంలో బురద బాట. వాళ్ల మాటలో నిజమెంత, ఏది కొనాలి?

నా దగ్గర 2020 మోడల్ మూడు డోర్ల థార్ ఉంది, డీజిల్ మాన్యువల్ ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలూ నడిపే రకం. మా బావమరిది రాక్స్ తీసుకున్నాడు, డీజిల్ ఆటోమేటిక్ ఫోర్ బై ఫోర్. మాది రాజమండ్రి. గోకవరం దాటాక మాకు జీడిమామిడి తోట ఉంది. ఎండాకాలం గోదావరి లంకల్లోకి ఇసుక మీదుగా వెళ్తుంటాం. ఏజెన్సీ వైపు మారేడుమిల్లి, చింతూరు దారి సరేసరి. రెండు బళ్లూ ఒకే బాటలో ఒకదాని వెనక ఒకటి తిరిగాయి, స్టీరింగులు మార్చుకుని నడిపాం కూడా. పాత థార్ వాళ్ల ఫిర్యాదుల్లో సగం తప్పు, సగం నిజం. చిక్కేమిటంటే వాళ్లు గట్టిగా అరిచేది తప్పు సగం గురించే.

ముందు ఆ తప్పు సగం. "మెత్తబడిపోయింది" అంటారు. ఏం మెత్తబడింది? ట్రక్కులకు ఉండేలాంటి గట్టి లాడర్ ఫ్రేమ్ చట్రం ఉంది. ఫోర్ బై ఫోర్ వేరియంట్లలో ఫోర్ లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) ఉంది, అదీ నాబ్ కాదు, చేత్తో లాగే లివరే. వెనక రెండు చక్రాల్నీ ఒకే దూలంగా కలిపే సాలిడ్ యాక్సిలే. మారింది దాన్ని పట్టి ఉంచే పద్ధతి. స్కార్పియో-ఎన్‌లో వచ్చిన పెంటాలింక్, వాట్స్ లింకేజీ అమరికే ఇందులోనూ పెట్టారు. దీనివల్ల యాక్సిల్ పైకీ కిందకీ ఆడుతుంది కానీ పక్కకి జరగదు. షాక్ అబ్జార్బర్లు కూడా చిన్న చిన్న కుదుపులకు ఒకలా, పెద్ద గుంతకు ఇంకోలా స్పందించే రకం. తోట బాటలో రాళ్ల మీద నా థార్ ఎగిరెగిరి పడే చోట రాక్స్ ఊగి సర్దుకుంటుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు బండి ఎంత తక్కువ ఎగిరితే చక్రానికి నేలతో అంత పట్టు. నడుం నొప్పి పుట్టకపోతే అది ఆఫ్‌రోడరే కాదన్నట్టు మాట్లాడేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

స్టీరింగ్ గొడవా ఇలాంటిదే. 2020 థార్‌లో హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్, రాక్స్‌లో ఎలక్ట్రిక్. ఫీల్ పోయిందన్నది నిజమే, హైవే మీద నాకూ మొదట్లో ఖాళీగా అనిపించింది. కానీ ట్రాక్టర్ టైర్లు చీల్చిన గాడిలో పడినప్పుడు నా థార్ స్టీరింగ్ ఒక్కసారిగా తన్నుతుంది, బొటనవేళ్లు జాగ్రత్త. రాక్స్‌లో ఆ తన్ను చాలావరకు చేతికి రాదు. రోజంతా బురదలో నడిపేవాడికి ఇది చిన్న సంగతి కాదు.

అసలు పొడుగు బండి జీపే కాదనడం నాకు అర్థం కాదు. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు, ఆ పొట్టి జీపు ఫొటోలు అందరి మనసులో ఉండిపోయాయి. కానీ మా రంపచోడవరం వైపు జనాన్ని మోసినవి ఎక్కువగా కమాండర్ లాంటి పొడుగు సర్వీసు జీపులు. లోపల కిక్కిరిసి, వెనక వేలాడుతూ, టాపు మీద మూటలతో ఘాట్లు ఎక్కాయి. వాటిలో చాలావాటికి ఫోర్ బై ఫోర్ కూడా లేదు. ఆ డ్రైవర్లలో ఎవరినైనా కూర్చోబెట్టి "వీల్‌బేస్ ఎక్కువైంది, ఇది అసలైన జీపు కాదు" అనండి చూద్దాం.

ఇప్పుడు నిజమైన సగం. ఇక్కడ పాత థార్ వాళ్ల పక్షమే నాది.

మూడు డోర్ల బండి పొడవు 3985 మిల్లీమీటర్లు, వీల్‌బేస్ 2450. రాక్స్ పొడవు 4428, వీల్‌బేస్ 2850. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 400 మిల్లీమీటర్లు పెరిగితే ముందుగా దెబ్బ తినేది బొడ్డు, అంటే బండి కింది మధ్య భాగం. ముందు ముక్కు ఎక్కే కోణం రెండింటికీ దాదాపు సమానం, 41 డిగ్రీల పైనే. వెనక కూడా 36 దగ్గర. ఆ రెండు అంకెలే చూపించి "తేడా లేదు" అంటారు సేల్స్ వాళ్లు. బొడ్డు తగలకుండా గట్టు దాటగలిగే కోణం, అదే ర్యాంప్ ఓవర్ కోణం అడగండి. పొట్టి థార్‌కి 26, 27 డిగ్రీలు, రాక్స్‌కి 23.9. కాగితం మీద మూడు డిగ్రీలే. మా తోటలోకి వెళ్లాలంటే ఒక మట్టి గట్టు దాటాలి, మోకాలికన్నా కొంచెం ఎత్తు. నా బండి నేరుగా దాటేస్తుంది. రాక్స్ ముందు చక్రాలు దిగాక గట్టు మీద బొడ్డు రాసుకుంటుంది, కర్రర్ మని. "బావా, వినిపించిందా?" అన్నాడు మా వాడు, మొహం వాడిపోయింది. కింద కాపాడే రేకు, స్కిడ్ ప్లేట్ ఉంది కాబట్టి ఏమీ కాలేదు. ఇప్పుడు ఆ గట్టుని ఏటవాలుగా, ఒక్కో చక్రం విడిగా ఎక్కేలా దాటుతున్నాడు. పని జరుగుతుంది, కాకపోతే ముందే చూసుకోవాలి.

ఇరుకు బాటలో మలుపు తిప్పడమూ అంతే. రెండు వైపులా ముళ్లకంచె ఉన్న బండిబాటలో నేను ఒక్క ఊపులో తిప్పేచోట రాక్స్ వెనక్కీ ముందుకీ ఆడాలి. దీనికోసమే ఇంటెల్లీటర్న్ అని ఒకటి పెట్టారు. ఫోర్ లోలో వేసి పూర్తిగా తిప్పితే లోపలి వైపు వెనక చక్రానికి బ్రేక్ పట్టి, బండిని దాని చుట్టూ తిప్పుతుంది. వదులు మట్టిలో, ఇసుకలో నిజంగానే పనిచేస్తుంది, పిల్లలకు మహా సరదా. కానీ పట్టున్న గట్టి నేల మీద వాడేది కాదు, వాడిన చోట నేలంతా దున్నినట్టు అవుతుంది. పక్కవాళ్ల పొలంలో చేయకండి, గొడవలైపోతాయి.

టైర్ల సంగతి ఎవరూ అడగరు కానీ, నా లెక్కలో మోడల్ కన్నా ఇదే ముఖ్యం. రాక్స్ టాప్ వేరియంట్ ఏఎక్స్7ఎల్‌కి 255/60 ఆర్19 టైర్లు వస్తాయి. కింది వేరియంట్లకి 255/65 ఆర్18, నా థార్‌లో ఉన్న సైజే. లెక్క వేయండి: 18 అంగుళాల టైరు పక్క గోడ ఎత్తు 166 మిల్లీమీటర్ల దాకా ఉంటే, 19 అంగుళాలది 153. పదమూడు మిల్లీమీటర్ల రబ్బరు పోయి ఆ స్థానంలోకి అల్లాయ్ వచ్చింది. లంకలో ఇసుక పాయ దాటాలంటే గాలి 18, 20 పీఎస్ఐ దాకా దించుతాం. టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. పక్క గోడ ఎత్తుంటే ధైర్యంగా దించొచ్చు, తక్కువుంటే రిమ్ము గురించి టెన్షన్. మా వాడిది టాప్ వేరియంట్. గాలి దించడానికి మనసొప్పక అలాగే వెళ్లి ఇసుకలో దిగబడ్డాడు. తర్వాత దించాడు, తాడు కట్టకుండానే బయటికొచ్చాడు. అంటే లోపం బండిలో లేదు. ఆ 19 అంగుళాల అల్లాయ్‌లు షోరూమ్ లైట్ల కింద మెరవడానికి పెట్టినవి, అంతే.

డిఫరెన్షియల్ లాక్, అంటే వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగేలా పట్టి ఉంచే ఏర్పాటు విషయంలో మాత్రం రాక్స్‌దే పైచేయి. నా దాంట్లో ఉన్నది మెకానికల్ రకం, ఒక చక్రం ఊరికే తిరగడం మొదలయ్యాక దానంతట అదే లాక్ అవుతుంది. రేగడి నేలలో ఆ కాసేపట్లోనే చక్రం జానెడు దిగిపోతుంది. రాక్స్‌లో ఎలక్ట్రానిక్ లాక్, బురదలోకి దిగకముందే బటన్ నొక్కి సిద్ధంగా ఉండొచ్చు. అయితే ఇక్కడ ఒక సందేహం మిగిలే ఉంది. ఇంత ఎలక్ట్రానిక్స్ పదేళ్ల తర్వాత, వారంటీ అయిపోయాక, ఊళ్లో మెకానిక్ చేతిలో ఎలా ఉంటుంది? సెన్సర్ పోతే ఏజెన్సీలో ఎవరు చూస్తారు? ఔత్సాహికులు దెబ్బలాడాల్సిన విషయం ఇది. సీటు మెత్తగా ఉందని కాదు.

ఇంకో అన్యాయం, రాక్స్ పెట్రోల్‌లో ఫోర్ బై ఫోర్ ఇవ్వకపోవడం. మూడు డోర్ల థార్‌లో 2.0 టర్బో పెట్రోల్‌కి ఫోర్ బై ఫోర్ దొరికేది, ఇక్కడ డీజిల్‌కే. 12.99 లక్షలని 2024 ఆగస్టులో ఊదరగొట్టిన ధర వెనక చక్రాలు మాత్రమే నడిచే పెట్రోల్‌ది. ఫోర్ బై ఫోర్ ధరలు తర్వాత సెప్టెంబర్‌లో చెప్పారు, అవి మొదలైందే 18.79 లక్షల నుంచి, అదీ ఎక్స్-షోరూమ్. తర్వాత జీఎస్టీ మారింది కాబట్టి ఇప్పటి ఆన్-రోడ్ ధర షోరూమ్‌లోనే కనుక్కోండి. రెండు రకాల మధ్య ఎడం మాత్రం పెద్దదేనని గుర్తుంచుకోండి. అక్టోబర్ 3న బుకింగ్స్ తెరిస్తే గంటలో 1,76,218 వచ్చాయి. వాళ్లలో ఎంతమంది బురద మొహం చూస్తారో మీరే ఊహించుకోండి. పాత థార్ వాళ్ల కడుపుమంటకు అసలు కారణం కూడా అదేనని నా అనుమానం.

నీళ్ల గురించి ఒక్క మాట. 650 మిల్లీమీటర్ల లోతు దాకా వెళ్తుందని బ్రోచర్‌లో ఉంటుంది, రెండింటికీ. ఆ అంకె నిలవ నీటికి. వానల్లో పారే వాగుకి కాదు. తొడదాకా పారే నీళ్లు రెండు టన్నుల బండిని కూడా పక్కకి నెట్టేస్తాయి. ఊరివాళ్లు ఆగమంటే ఆగండి.

పిల్లలున్నారు కదా, ఈ ఒక్క విషయంలో నేను వాదన కూడా పెట్టను. పొట్టి థార్‌లో వెనక్కి ఎక్కాలంటే ముందు సీటు వంచి దూరాలి. మా అత్తయ్యగారు ఒకసారి ఎక్కి, దిగేటప్పుడు దండం పెట్టారు. వెనక సీటు లేపితే సామానుకి చోటుండదు. రాక్స్‌లో డోర్లున్నాయి, 447 లీటర్ల డిక్కీ ఉంది, ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి. బండిని ఢీకొట్టించి చూసే భద్రతా పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు వచ్చాయి. 2020 థార్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో నాలుగు. పరీక్షలు వేరు కాబట్టి అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, కానీ పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కేటప్పుడు నేను మా వాడి బండే అడుగుతాను.

మీ స్నేహితులు మారుతి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా పేర్లు కూడా చెబుతారు. జిమ్నీ 1200 కిలోల తేలిక బండి, ఇసుకలో దానికి సాటి లేదు, కానీ నలుగురు సామానుతో ఎక్కితే ఇంజన్ ఆయాసపడుతుంది. గూర్ఖాకి ముందూ వెనకా డిఫ్ లాక్‌లు, గట్టి బండి, రోజూ ఆఫీసుకి నడపడానికి మాత్రం ఓపిక కావాలి.

మీరు రాసినదాన్ని బట్టి మీకు రాక్స్ ఫోర్ బై ఫోరే సరిపోతుంది. 18 అంగుళాల టైర్లున్న వేరియంటే చూడండి. పొలం బాట ఏడాదిలో రెండు నెలలే బురదైతే, మిగతా పది నెలలు ఎండుబాటైతే, వెనక చక్రాలు మాత్రమే నడిచే డీజిల్‌కి మంచి ఆల్ టెర్రైన్ టైర్లు వేసుకున్నా చాలు, లక్షలు మిగులుతాయి. మీరు ఒక్కరే వెళ్తారు, బాట ఇరుకు, గట్లు ఎక్కువ అంటే అప్పుడు మీ స్నేహితుల మాట వినండి, మూడు డోర్ల ఫోర్ బై ఫోర్ తీసుకోండి. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు షోరూమ్ చుట్టూ ఒక చక్కర్ తిప్పి పంపించేస్తారు. ఫోర్ లో వేసి చూపించమని పట్టుబట్టండి. ఇంటిముందు సందు, పార్కింగ్ చోటు టేపుతో కొలిచి మరీ వెళ్లండి.

ఇక సీట్లు. రాక్స్‌లో వచ్చే తెల్ల సీట్లు మన ఎర్రమట్టికి వారం కూడా ఆగవు. జనం గొడవ చేశాక ఫోర్ బై ఫోర్‌కి మోకా బ్రౌన్ లోపలి రంగు కూడా ఇచ్చారు. బుకింగ్ ఫారంలో అది రాయించుకోకుండా డబ్బు కట్టకండి.