ద్రవ్యలోటులో ఉన్నది ఏ ద్రవ్యం?

సందేహం: సెక్యూరిటీస్ మార్కెట్ల రీసెర్చ్ అనలిస్ట్ పరీక్షకు చదువుతున్నాను. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. డిగ్రీ తెలుగు మీడియంలో చదివాను కాబట్టి ఫిస్కల్ పాలసీ అంటే కోశ విధానం, మానిటరీ పాలసీ అంటే ద్రవ్య విధానం అని గుర్తు. పేపర్లేమో ఫిస్కల్ డెఫిసిట్‌ను ‘ద్రవ్యలోటు’ అని రాస్తున్నాయి. ద్రవ్యం ఫిస్కలా, మానిటరీయా? పరీక్ష దగ్గరపడేకొద్దీ టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: తికమక మీది కాదు, పేపర్లది. డిగ్రీలో చదివిందే పట్టుకోండి.

కోశం అంటే దాచి ఉంచేది. కత్తికి ఒర కోశమే, మాటలు దాచింది శబ్దకోశం, డబ్బు దాచింది కోశాగారం. మీ వీధి వినాయక చవితి కమిటీలో కోశాధికారిని తలుచుకోండి. ఎవరింట ఎంత చందా వసూలు చేయాలి, పందిరికెంత, ప్రసాదానికెంత, చాలకపోతే ఎవరిని చేబదులు అడగాలి, ఇదే ఆయన గోల. పన్నులు, ఖర్చులు, అప్పులతో ప్రభుత్వం పడేదీ అదే గోల. అది కోశ విధానం. ఫిస్కల్ మాటకు మూలమైన లాటిన్ ‘ఫిస్కస్’కు అసలు అర్థం బుట్ట. శ్రీవారి కొప్పెర చూసిన తిరుపతి వాళ్లకు ఇంతకంటే విడమరచనక్కర్లేదు.

ద్రవ్యం అంత కుదురైన మాట కాదు. పూజాద్రవ్యాలు, సుగంధ ద్రవ్యాలు అన్నప్పుడు వస్తువు. అర్థశాస్త్రంలో మాత్రం చలామణిలో ఉన్న డబ్బు. ఆ డబ్బు, దాని వడ్డీ రిజర్వు బ్యాంకు చూసుకుంటుంది. అది ద్రవ్య విధానం. 2016లో చట్టం సవరించి ఆరుగురు సభ్యుల కమిటీ పెట్టారు. రెపో రేటు, అంటే బ్యాంకులకిచ్చే అప్పుపై రిజర్వు బ్యాంకు తీసుకునే వడ్డీ, నిర్ణయించేది వాళ్లే. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం తేడాతో ఉంచడం వాళ్ల లక్ష్యం. ఈ ద్రవ్య విధానాన్నే పేపర్లు ‘పరపతి విధానం’ అంటాయి. ఆ మాట నాకు నచ్చుతుంది. మన పల్లెల్లో సహకార పరపతి సంఘం మెట్లెక్కని రైతు అరుదు కదా.

అసలు చిక్కు ద్రవ్యోల్బణంతో వస్తుంది. ద్రవ్య, ఉల్బణం కలిసి గుణసంధి. ఉల్బణం అంటే మితిమీరడం. దాని పక్కన ద్రవ్యలోటు పెడితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, కాబట్టి ఒకటుంటే రెండోది ఉండదనిపిస్తుంది. శుద్ధ తప్పు. ద్రవ్యలోటు అంటే నోట్ల కొరత కాదు. అప్పులు కాకుండా వచ్చే రాబడికి మించి ప్రభుత్వం పెట్టిన ఖర్చు, అంటే పేరులో ద్రవ్యమున్నా అది కోశం సంగతే. ఆ ఖర్చు వల్ల గిరాకీ పెరిగి ధరలు కూడా ఎగబాకొచ్చు, అంటే రెండూ ఒకే ఏడాది పక్కపక్కనే ఉండొచ్చు.

పరీక్షలో మీరు జారిపడే చోటు ఇంకొకటుంది, బాండ్లు, అంటే అప్పు పత్రాలు. ప్రభుత్వం లోటు పూడ్చుకోవడానికి బాండ్లు అమ్మితే అది కోశ విధానం. అవే బాండ్లను రిజర్వు బ్యాంకు మార్కెట్లో కొని బ్యాంకుల్లోకి డబ్బు వదిలినా, అమ్మి వెనక్కి లాగినా అది ద్రవ్య విధానం. కాబట్టి ప్రశ్నలో బాండు కనబడగానే టిక్కు పెట్టకండి, అమ్మిందెవరో, కొన్నదెవరో చూడండి.

‘ద్రవ్యలోటు’ను ఇక పేపర్ల నుంచి తీయించలేం, పాతుకుపోయింది. సంస్కృత పదానికి తెలుగు ‘లోటు’ అతికించిన వైరి సమాసమని పండితులు ముఖం చిట్లిస్తారు. ‘కోశలోటు’ అని దిద్దినా వాళ్లతో ఆ తగవు తీరదు.