ఆ జాబితాను ఇప్పుడే బయటపెట్టకు

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ఒక పాత సినిమా బ్లూరే డిస్కుగా రాబోతోందనీ, అందులో ఉండబోయే ఎక్స్‌ట్రాల, అంటే సినిమాతో పాటు ఇచ్చే అదనపు సన్నివేశాలు, ఇంటర్వ్యూల లాంటివాటి జాబితా ఎవరో నీకు పంపారనీ, అందరికంటే ముందు నువ్వే రాస్తే నీ పేరు నలుగురి నోటా పడుతుందనీ అన్నావు. రాయవచ్చా అని అడిగావు. వద్దనే నా సలహా. జాబితా నిజమైనదైతే మరీ వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను. లోపల పని ఎలా జరుగుతుందో తెలియకుండానే హోమ్ వీడియో గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు వాళ్లలో ఒకడివి కాకూడదని నా కోరిక.

డిస్కు మీద సినిమాతో పాటు వచ్చేవాటిని మనం కొసరు సరుకుగా చూడటానికి అలవాటుపడ్డాం. వాటిని తయారుచేసేవాళ్లకు అవి కొసరు కావు. 1984లో, సినిమాలను డిస్కులుగా తెచ్చే క్రైటీరియన్ సంస్థ ‘కింగ్ కాంగ్’ను లేజర్‌డిస్కుగా (డీవీడీకి ముందు ఉన్న పెద్ద వీడియో డిస్కు) తెచ్చినప్పుడు, సినిమాల పరిరక్షణకు పాటుపడిన రొనాల్డ్ హేవర్ అనే చరిత్రకారుడు రెండో ఆడియో ట్రాక్‌లో, బొమ్మ నడుస్తుండగానే దాని నిర్మాణ విశేషాలు చెప్పుకుంటూ పోయారు. డిస్కుల మీద ఆడియో కామెంటరీ ఆయనతోనే మొదలైంది. 1990ల చివర్లో డీవీడీ వచ్చాక తొలగించిన సన్నివేశాలు, ఇంటర్వ్యూలు, నిర్మాణ డాక్యుమెంటరీలు మామూలైపోయాయి. వీటిలో చాలా భాగాన్ని స్టూడియోలు బయటి నిర్మాతలకు అప్పగిస్తాయి. అలాంటి నిర్మాతకు సాధారణంగా ఉండేవి చిన్న బడ్జెట్టు, తరుముకొచ్చే గడువు, గుట్టు విప్పనని సంతకం చేసిన ఒప్పందం.

పని మొదట్లో ఆయన రాసుకునే జాబితాలో సగం ఆశలే. దొరుకుతుందనుకున్న ఫిల్ము, ఒప్పుకుంటాడనుకున్న నటుడు, ఇస్తారనుకున్న ఫొటోలు. నీకు చేరింది బహుశా అలాంటి కాగితమే.

అందులో ‘తొలగించిన సన్నివేశం’ అని ఒక్క వరుస ఉంటుంది. దాని వెనక ఏముందో చూడు. గోదాములో ఒక రేకు డబ్బా దొరుకుతుంది. పైన సినిమా పేరు, రీలు నంబరు, సగం చెరిగిపోయిన చేతిరాత. మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పున కొడితే, అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఆ పాత ఫిల్ము చెడిపోతోందని అర్థం. కుంచించుకుపోయి వంకరలు తిరిగిన ఆ ఫిల్మును చిరగకుండా స్కానర్‌కు ఎక్కించడమే పెద్ద గండం. ఆ తర్వాత అంచున ఉన్న నంబర్లు చూసుకుంటూ ఏ ముక్క ఏ షాటుదో పోల్చుకోవాలి. బొమ్మ దొరికినంత మాత్రాన మాట దొరకదు. శబ్దం వేరే మాగ్నెటిక్ టేపు మీద ఉంటుంది, ఆ టేపు ఎప్పుడో చెరిపేసి మళ్లీ వాడేసి ఉండవచ్చు.

ఇదంతా కుదిరి రెండు నిమిషాల సన్నివేశం సిద్ధమైతే, అప్పుడు అనుమతుల వేట. ‘బాగాలేదనే తీసేశాను, మళ్లీ ఎందుకు చూపిస్తారు?’ అని దర్శకుడు అనవచ్చు. తన అనుమతి లేకుండా వాడని దృశ్యాలు చూపకూడదని నటి ఒప్పందంలో రాయించుకుని ఉండవచ్చు. వెనక రేడియోలో సన్నగా వినిపించే పాట ఒకటుంటే దాని హక్కులు మరో కంపెనీవి. సినిమా కోసం అప్పట్లో తీసుకున్న అనుమతి ఈ ముక్కకు వర్తించకపోవచ్చు. ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఉత్తరాలు రాసి, ఓపికగా ఒప్పించుకోవాలి.

సరిగ్గా ఈ దశలో జాబితా బయటపడిందనుకో.

పాట హక్కుదారు దాన్ని చదువుతాడు. నిన్నటిదాకా నామమాత్రపు రుసుముకు తలూపేలా ఉన్నవాడికి, అభిమానులు ఆ సన్నివేశం కోసం ఎదురుచూస్తున్నారని తెలిసిపోతుంది. ఇక బేరంలో పైచేయి అతనిదే. చిన్న బడ్జెట్టు ఆ భారం మోయలేక ఆ వరుసను కొట్టేస్తుంది. ఇది డబ్బు సంగతి, ఎలాగో సర్దుకోవచ్చేమో. సర్దుకోలేనిది మరొకటుంది. దర్శకుడికి ఇంకా ఫోను వెళ్లలేదు, ఎలా అడగాలా అని నిర్మాత మాటలు కూడదీసుకుంటున్నాడు. ఈలోగా తను పక్కనపెట్టిన సన్నివేశం డిస్కులో వస్తోందని ఆ పెద్దమనిషికి ఎవరో చెబుతారు. తనను మాటైనా అడగలేదని ఆయన మనసు గాయపడుతుంది. అలాంటివారు సన్నివేశానికి ఒప్పుకోకపోవడంతో ఆగరు, ఇంటర్వ్యూ కూడా ఇవ్వరు. వయసు మీదపడిన మనిషైతే, ఆయన చెప్పగలిగిన చరిత్ర ఆయనతోనే పోతుంది. లీకుల వల్ల నాకు ఎక్కువ బాధ కలిగేది ఇక్కడే.

ఫొటోలు, షూటింగ్‌లో ఎవరో సరదాగా తీసుకున్న చిన్న ఫిల్ములు చాలావరకు వ్యక్తిగత సేకర్తల దగ్గర ఉంటాయి. వాళ్లు గుట్టుగా బతికేవాళ్లు. తమ దగ్గర ఏముందో లోకానికి తెలియడం వాళ్లకు ఇష్టముండదు. నమ్మకం మీద ఇస్తారు, నమ్మకం చెదిరితే తలుపు మూస్తారు.

స్టూడియోలో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఎవరు బయటపెట్టారన్న వెతుకులాట మొదలవుతుంది. అనుమానం ముందుగా బయటి నిర్మాత మీదికే పోతుంది, నేరం ఆయనది కాకపోయినా. మరుసటి సినిమాకు గోదాము తలుపు ఆయనకు తెరుచుకోకపోవచ్చు. ఎక్స్‌ట్రాలంటే తలనొప్పి అని ముందునుంచీ అనుకునే అధికారికి మంచి సాకు దొరుకుతుంది. ఇక డిస్కు వచ్చిన రోజున, జాబితాలో చదివిన సన్నివేశం కనిపించక కొనుగోలుదారులు మండిపడతారు. ‘కావాలనే కోసేశారు’ అంటారు. జరిగింది చెప్పుకుందామంటే నిర్మాత నోటికి ఒప్పందం అడ్డు. తాను ఎన్నడూ ఇవ్వని మాటను తప్పాడని నిందపడుతూ ఊరుకోవాల్సిందే.

ఓపిక పడితే ఎలా ఉంటుందో కూడా చెబుతాను. 1927 నాటి జర్మన్ మూకీ ‘మెట్రోపొలిస్’లో కనుమరుగైన భాగాలు 2008లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఏర్స్ సినిమా మ్యూజియంలో, 16 ఎంఎం నెగెటివ్‌లో బయటపడ్డాయి. ఎనభై ఏళ్లుగా లోకం వెతుకుతున్న నిధి అది. అయినా దొరికిన మరుక్షణం చాటింపు వేయలేదు. మ్యూజియం డైరెక్టర్ పావులా ఫెలిక్స్ దిదియెర్ ఒక కాపీ తీసుకుని బెర్లిన్ వెళ్లి, ఆ సినిమాను క్షుణ్ణంగా ఎరిగిన నిపుణులకు చూపించారు. అదేనని వాళ్లు నిర్ధారించాకే వార్త పత్రికకెక్కింది. పునరుద్ధరించిన సినిమాను 2010 ఫిబ్రవరిలో ప్రదర్శించారు, ఆ తర్వాత అది డిస్కుగానూ వచ్చింది. వార్త బయటపెట్టింది కూడా పత్రికే సుమా. ఆగి రాయడం వల్ల ఆ వార్త విలువ రవంతైనా తగ్గలేదు.

అలాగని ప్రతి రహస్యాన్నీ కడుపులో దాచుకోమనడం లేదు. డబ్బు తీసుకుని అమ్మిన డిస్కులో లోపముంటే, అట్టమీద రాసింది లోపల లేకపోతే, కంపెనీ దాన్ని కప్పిపుచ్చుతుంటే వెంటనే రాయి, గట్టిగా రాయి. అక్కడ నష్టపోతున్నది పాఠకుడు. నీ చేతిలోని జాబితా విషయంలో పాఠకుడు ఇంకా పైసా ఇవ్వలేదు, ఎవరూ అతన్ని మోసగించలేదు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడానికి నేను ఒకటే చూస్తాను: ఇది ఈరోజు అచ్చయితే ఎవరి అంగీకారం ఇంకా రావలసి ఉంది?

కంపెనీ అధికారికంగా ప్రకటించేటప్పుడు కూడా వివరాలు మారవచ్చని అడుగున ఒక వాక్యం జతచేస్తుందని గమనించే ఉంటావు. అది ఊరికే రాసిన మాట కాదు. డిస్కు ముద్రణకు మాస్టర్, అంటే తుది ప్రతి, వెళ్లేదాకా ఏ వరుసైనా ఎగిరిపోవచ్చు.

జాబితా పంపిన మనిషి పేరు ఎవరికీ చెప్పకు, నాకు కూడా. ఆ కాగితాన్ని ఇంకొకరికి పంపకు. ప్రకటన వెలువడిన రోజున ఆ నిర్మాతకు ఉత్తరం రాసి ఇంటర్వ్యూ అడుగు. పనంతా ముగిసి, ఒప్పందం అనుమతిస్తే ఇలాంటివాళ్లు గంటలకొద్దీ మాట్లాడతారు, వాళ్లను అడిగేవాళ్లే తక్కువ. ఏ డబ్బాలో ఏం దొరికిందో, శబ్దం లేని ముక్కను ఏం చేశారో, ఏది చివరి నిమిషంలో చేజారిందో అడుగు. దర్శకుణ్ని ఎలా ఒప్పించారో తప్పకుండా అడుగు. ఆ వ్యాసం చిత్తుప్రతి నాకు పంపు, చదివి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య