మెదడు గడ్డ గులాబీగా వెలిగిందట, పాప ఏం చదవాలి?

ప్రశ్న: మాది కావలి సార్. పాప ఇంటర్ సెకండియర్, బైపీసీ. మా బావమరిదికి చెన్నైలో మెదడు గడ్డ ఆపరేషన్ చేశారు. ముందు ఏదో మందు తాగించారు, దాంతో గడ్డ గులాబీ రంగులో వెలిగిందని డాక్టరు గారు వీడియో చూపించారు. అప్పట్నుంచీ పాప ఆ పనే నేర్చుకుంటానని కూర్చుంది. దానికేదన్నా కోర్సుందా?

జవాబు: దానికంటూ విడిగా డిగ్రీ లేదండీ. ఉందని చెప్పి ఎవరన్నా అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి.

పాపకు ముందు ఒక సంగతి చెప్పండి. ఆ వర్ణన చూస్తే తాగించింది రంగు కాదు, 5-ఏఎల్ఏ అనే మందు అయ్యుండాలి. కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల లెక్కన నీళ్లలో కలిపి, మత్తివ్వడానికి సుమారు మూడు గంటల ముందు ఇస్తారు. మన ఒంట్లో హీమ్ (రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం) తయారయ్యే దారిలో ఉండే పదార్థమే అది. గ్లయోమా అనే రకం మెదడు గడ్డ కణాల్లో ఆ తయారీ చివరిదాకా సాగక, మధ్యలో వచ్చే ప్రోటోపార్ఫిరిన్ అనే పదార్థం పేరుకుపోతుంది. థియేటర్లో లైట్లు తగ్గించి మైక్రోస్కోపును నీలి కాంతికి మార్చగానే అది ఎర్రగా వెలుగుతుంది, మామూలు మెదడు నీలంగానే కనిపిస్తుంది. తెల్ల లైటులో గడ్డ ఎక్కడ ఆగిందో, మెదడు ఎక్కడ మొదలైందో తేల్చడం ఎంత కాకలు తీరిన సర్జన్‌కైనా కష్టమే. జర్మనీలో వాల్టర్ స్టుమ్మర్ బృందం 2006లో వెలువరించిన ట్రయల్‌లో, స్కాన్‌లో మెరిసే గడ్డను పూర్తిగా తీయగలిగింది ఈ మందు వాడినవాళ్లలో 65 శాతం మందికి, వాడనివాళ్లలో 36 శాతం మందికే.

అలాగని వెలిగిందల్లా కోసెయ్యరు. మాటో చెయ్యో పడిపోయే చోటైతే, ఎర్రగా కనిపిస్తున్నా వదిలేస్తారు. ఆ నిర్ణయం తనే తీసుకోవాలంటే పాప న్యూరోసర్జన్ కావాలి. నీట్, ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్, మూడేళ్ల ఎంఎస్, ఇంకో మూడేళ్లు న్యూరోసర్జరీలో ఎంసీహెచ్. ఎంబీబీఎస్ అయ్యాక నేరుగా ఆరేళ్ల కోర్సూ ఉంది. ర్యాంకొస్తే నెల్లూరులోనో ఒంగోలులోనో ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ చదవొచ్చు. ఎటు తిప్పినా పదకొండేళ్ల పైమాటే, ఇంట్లో అందరూ ముందే ఒక మాట అనుకోండి.

అది ఎందుకు వెలిగిందన్నదే బుర్ర తొలుస్తుంటే దారి వేరు. కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీతో బీఎస్సీ, తర్వాత జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్లకు పెట్టే పరీక్ష) రాసి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. ఈఏపీసెట్ రాసి బీఫార్మసీలో చేరినా ఈ వైపు రావచ్చు. నా మొగ్గు దీనిమీదే, మన జిల్లాల్లో పిల్లలకు దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి.

ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీలో బీఎస్సీ కూడా ఉంది. చిన్నచూపు చూడకండి. మైక్రోస్కోపు, ఫిల్టర్లు వేళకు సిద్ధంగా లేకపోతే సర్జన్ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆ మందు తాగిన మనిషికి కనీసం ఒక రోజు గట్టి వెలుతురు తగలకూడదు, అదీ గుర్తుపెట్టుకుని చూసుకోవాలి.

వీడియో చూడగానే తనకు మొదట వచ్చిన అనుమానమేమిటో పాపను అడగండి. 'ఎట్లా వెలిగింది' అనుకుందా, 'మామయ్యకు మాటొస్తుందా' అనుకుందా? అది తేలిందాకా నీట్ లాంగ్‌టర్మ్‌కు డబ్బు కట్టకండి.