పాఠకుల ప్రశ్నలు: టికాల్‌లో సున్నం, సపోటా దూలం, వాన నీరు

ప్రశ్న: గ్వాటెమాలాలోని మాయా నగరం టికాల్‌లో గుళ్లు అంత ఎత్తు, లోపలి గదులేమో చాలా ఇరుకు. అంత కట్టగలిగినవాళ్లు విశాలమైన గది ఎందుకు కట్టలేదు?
– ఆర్కిటెక్చర్ విద్యార్థిని, మాసబ్ ట్యాంక్

జవాబు: కారణం కప్పు వేసే పద్ధతి. చార్మినార్ కమానులో రాళ్లు వంపు వెంట ఒకదాన్నొకటి నొక్కుకుంటూ బరువును పక్కలకు దింపుతాయి. మాయావాళ్లు ఈ కమాను వాడలేదు. ఎదురెదురు గోడల మీద ప్రతి వరుసనూ కింది వరుస కంటే కాస్త ముందుకు జరిపి పేర్చుకుంటూ వెళ్లి, పైన మిగిలిన సందును పలకరాళ్లతో మూసేవారు. ముందుకు జరిపిన రాయి ఒరిగిపోకూడదంటే దాని వెనక భాగం మీద బరువుండాలి. అందుకే గోడలు అంత మందం. గదిని వెడల్పు చేయాలంటే ప్రతి రాయినీ ఇంకా ముందుకు జరపాలి, అప్పుడది తిరగబడుతుంది. లేదా కప్పును ఇంకా ఎత్తుకు లేపాలి, అప్పుడు బరువు పెరుగుతుంది. పొడవుకు ఈ చిక్కు లేదు. రాజభవనాల గదులు వసారాల్లా సన్నగా, పొడవుగా ఉండడానికి కారణం ఇదే.

ఒకటో గుడి ఎత్తు సుమారు 47 మీటర్లు. 695లో బద్ధశత్రువైన కలక్‌ముల్ నగరాన్ని ఓడించిన టికాల్ రాజు హసావ్ చాన్ కావీల్ సమాధి దాని కిందే ఉంది. పైనున్న మూడు గదులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వాటి నెత్తిన భారీ శిఖరం. బరువు తగ్గించడానికి ఆ శిఖరం లోపల ఖాళీలు వదిలారు. ఆర్కిటెక్చర్ విద్యార్థినిగా మీరు ముందు గమనించాల్సింది ఈ ఖాళీలనే.

గుమ్మాల పైన రాయి కాదు, సపోటా చెట్టు దూలాలు. మనం పండు తినే సపోటాయే. దాని చేవ చాలా గట్టిది, పురుగు తేలిగ్గా పట్టదు. కొన్ని దూలాలు పన్నెండు వందల ఏళ్లకు పైగా నిలిచాయి. అయితే దూలం కుళ్లినా, ఎవరైనా ఊడదీసినా దాని మీది రాళ్లు జారడం మొదలవుతుంది. 741 తర్వాత పొడవైన సపోటా మొద్దులు కరువై, వంకర తిరిగే లాగ్‌వుడ్ చెట్టు కలపకు దిగారని దూలాల పరిశీలనలో తేలింది. అడవి ఎంత నరికారో చెప్పడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం దొరకదు.

ప్రశ్న: గోల్కొండ కట్టడాల్లోలా వాళ్లూ డంగు సున్నమే వాడారా?
– పురానాపూల్ పాఠకుడు

జవాబు: మూలం ఒకటే. సున్నపురాయిని 800 డిగ్రీలు దాటేలా కాల్చి, నీళ్లు పోసి విరగబెట్టి, వాడకానికి మెత్తగా చేయడం. వేడి చాలకపోతే రాయి నడుమ పచ్చిగా మిగిలిపోతుంది, పూత పట్టదు. సరిగా విరగని రవ్వలుంటే గోడకు పూశాక అవి ఉబ్బి, పూత పెచ్చులూడుతుంది. మన మేస్త్రీలు బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపినట్టే, మాయావాళ్లు చెట్టు బెరడు రసం కలిపేవారు. కోపాన్ అనే మరో మాయా నగరపు పూతల మీద జరిగిన పరిశోధన 2023లో ఇది చూపింది. ఆ రసం పూతను నీటికి, అరుగుదలకు తట్టుకునేలా చేస్తుంది. టికాల్‌లో గోడలకే కాదు, మెట్లకు, ఆవరణల నేలకు కూడా ఈ గచ్చే. అంత సున్నానికి ఎంత కట్టె కాలి ఉంటుందో ఊహించండి.

ప్రశ్న: దగ్గర్లో నది లేదంటారు. మరి తాగునీరు?
– దిల్‌సుఖ్‌నగర్ పాఠకురాలు

జవాబు: వాన నీరే. గచ్చు చేసిన ఆవరణలు వాలుగా ఉంటాయి, కురిసిన నీళ్లన్నీ చెరువుల్లోకి దిగుతాయి. సున్నపురాతి నేల నీటిని పీల్చేస్తుంది కాబట్టి చెరువుల అడుగున బంకమట్టి పరిచేవారు. కొరియెంటాల్ అనే చెరువులో జియోలైట్ (నీటిలోని మలినాలను పట్టే ఖనిజం), క్వార్ట్జ్ ఇసుకతో చేసిన వడపోత ఆనవాళ్లు 2020లో బయటపడ్డాయి. అది రెండు వేల ఏళ్లకు పైబడినది.

రాజభవనం, గుడి పక్కనున్న చెరువుల కథ వేరు. వాటి అడుగు మట్టిలో పాదరసం, విషాన్ని వదిలే నీలి ఆకుపచ్చ శైవలాల జాడలు దొరికాయి. గోడలకు, సమాధులకు వాడిన ఎర్రరంగు సిన్నబార్‌లో పాదరసం ఉంటుంది. ప్రతి వానకూ అది కొట్టుకొచ్చేది. శైవలాల విషం నీళ్లు కాచినా పోదు. పాలకులు తాగిన నీళ్లు ఇవే. టికాల్‌లో తేదీ చెక్కిన చివరి శిల 869 నాటిది. కరువులు, యుద్ధాలతో పాటు ఈ చెరువులు పాడవడాన్ని కూడా పతనానికి కారణంగా లెక్కవేయాలి.

ప్రశ్న: గుళ్లు ఎక్కనిస్తారా?
– కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: ఒకటో గుడి ఎక్కడం నిషేధం. నాలుగో గుడికి పక్కన చెక్క మెట్లు వేశారు, పైనుంచి అడవి మీద మిగతా శిఖరాలు కనిపిస్తాయి. ఫ్లోరెస్ పట్నం నుంచి రోడ్డు మీద సుమారు గంటన్నర. ఫిబ్రవరి, మార్చిలో వెళ్లండి. వానాకాలంలో నాచు పట్టిన సున్నపురాయి బాగా జారుతుంది, పట్టున్న బూట్లు తప్పనిసరి.