పెద్దమనుషుల ముందు స్టాంపు పేపరు మీద సంతకం పెడితే విడాకులు అయిపోతాయా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: పెళ్ళి తిరుమల కొండ మీద జరిగింది. మీ ఆయనకు బెంగళూరులో ఉద్యోగం. మీరు మూడేళ్ళ పాపతో పలమనేరులో అమ్మావాళ్ళ ఇంట్లో ఉన్నారు. వచ్చే ఆదివారం పెద్దమనుషులు కూర్చుని, స్టాంపు పేపరు మీద ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి తెగదెంపులు చేస్తామంటున్నారు. పెట్టొచ్చా అని అడిగారు.

పెట్టొద్దమ్మా. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్ళిని రద్దు చేసే అధికారం కోర్టుకే ఉంది, నోటరీ ముద్ర వేయించినా ఆ కాగితం విడాకులు కాదు. కులాచారం ప్రకారం విడాకులు తీసుకునేవాళ్ళకు చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అలాంటి ఆచారం తమలో ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలి. ఆ కాగితం నమ్మి ఎవరైనా రెండో పెళ్ళి చేసుకుంటే కొత్త చిక్కు మొదలవుతుంది. అన్నిటికంటే నాకు భయం వేసేది, అందులో చివర రాసే ఒక్క వాక్యం: "నాకు రావలసినవన్నీ ముట్టినవి." రేపు మనోవర్తి అడిగితే అవతలి వకీలు మొదట తీసి చూపించేది దాన్నే.

నా విడాకుల విషయంలో మధ్యవర్తి మా సొంత మేనమామే. కోర్టు మెట్లెక్కితే పరువు పోతుందని ఆయన బాధ. రాసుకొచ్చిన కాగితంలో నా నగల ఊసే లేదు, బిడ్డ చదువు మాటా లేదు. చదివి తిరిగి ఇచ్చేశాను. ఇంట్లో కొన్నాళ్ళు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు, అది వేరే సంగతి.

కేసు ఎక్కడ వేయాలన్నది మీకు పెద్ద టెన్షన్‌లా ఉంది. బెంగళూరు వెళ్ళక్కర్లేదు. పెళ్ళి ఎక్కడ జరిగిందో అక్కడ వేయొచ్చు, చివరగా ఇద్దరూ కలిసి ఉన్నచోట వేయొచ్చు. 2003 సవరణ తర్వాత భార్య తాను ప్రస్తుతం ఉంటున్న చోటి కోర్టులోనూ వేయొచ్చు. అంటే మీకు చిత్తూరు వైపూ దారి ఉంది, కొండ మీద పెళ్ళి కాబట్టి తిరుపతీ ఉంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి తిరుమలలో తాళి కట్టించుకుని వెళ్ళిన వాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! ఒకవేళ ఆయనే ముందు బెంగళూరులో వేసి సమన్లు పంపితే మాత్రం తీసుకోకుండా వెనక్కి పంపకండి. మీరు హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ మాట వినకుండానే తీర్పు, ఇచ్చేస్తారు. కేసు మన వైపు మార్చమని అడగొచ్చు. వేరే రాష్ట్రం కాబట్టి ఆ పిటిషన్ సుప్రీంకోర్టులో వేయాలి.

వకీలు ఫీజు గురించి రాశారు. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళి తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఉచితం అంటే పట్టించుకోరని అందరూ నన్ను బెదిరించారు. నాకు ఇచ్చిన ప్యానెల్ వకీలమ్మ మా బంధువులు చూపించిన పెద్ద ప్లీడరు కంటే ఓపికగా విన్నది.

ఇక డబ్బు. విడాకుల కేసు తేలేదాకా మధ్యంతర మనోవర్తి అడగొచ్చు, పాపకు విడిగా అడగొచ్చు. విడాకుల కేసు వేయకుండానే అడగాలంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125 సెక్షన్ ఉండేది, 2024 జూలై నుంచి అది కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. జీతంలో నాలుగో వంతు ఖాయం అని ఊళ్ళో చెప్పుకుంటారు. ఒక కేసులో సుప్రీంకోర్టు 25 శాతం సబబే అన్న మాట నిజం, కానీ అది అందరికీ వర్తించే లెక్క కాదు. 2020 నాటి రజ్నేశ్, నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు మీకు బాగా పనికొస్తుంది. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో రాసివ్వాలి, మనోవర్తి అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్కగట్టాలి అని అందులో ఉంది. మా కేసులో బేరం గాడిన పడింది ఆ అఫిడవిట్ వచ్చాకే. అంతవరకూ "వాడి జీతం అప్పులకే చాలదు" అన్నారు. ఆర్డరు వచ్చాక డబ్బు ఇవ్వకపోతే ఊరుకోకండి. 144 కింద వచ్చిన ఆర్డరైతే, బాకీ పడిన ఏడాదిలోపు వసూలుకు అర్జీ పెట్టాలి.

నగలు, సారె సామాను స్త్రీధనం, అది పూర్తిగా మీదే. అత్తగారి బీరువాలో ఉన్నా, ఆయన పేరుతో కుదవలో ఉన్నా మీదే. అయితే రుజువు కావాలి: కొట్టు బిల్లులు, పెళ్ళి ఫోటోలు, కుదవ రసీదులు. మా అమ్మ పెళ్ళినాడు నోటుబుక్కులో రాసుకున్న జాబితా, ఆల్బమ్‌లో నా మెడ కనిపించే ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించాం. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ వీటిని తిరిగి ఇప్పించగలరు.

ఇల్లు మామగారి పేరున ఉందని బయటికి పంపారని రాశారు. పేరు ఎవరిదైనా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు అడగొచ్చని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది ఉండే హక్కే గానీ వాటా కాదు. భర్త ఆస్తిలో సగం దానంతటదే భార్యకు వస్తుందనే మాట కూడా నిజం కాదు. పాప సంగతికొస్తే, అయిదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం అంటుంది.

ఇద్దరికీ ఇష్టమైతే పరస్పర అంగీకారమే నయం, నాదీ చివరికి అలాగే ముగిసింది. ఏడాది విడిగా ఉండి ఉండాలి, మొదటి పిటిషన్ తర్వాత ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలను కోర్టు తగ్గించవచ్చని 2017లో తీర్పు వచ్చింది. డిక్రీ వచ్చేలోపు మనసు మారితే మీరు ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. పెద్దమనుషులు కుదిర్చిన షరతులనే ఆ పిటిషన్‌లో రాయించండి, అప్పుడు వాటికి విలువ. డబ్బు డీడీ రూపంలో కోర్టులోనే తీసుకోండి. డిక్రీ సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసి పెట్టుకోండి, పాస్‌పోర్టు దగ్గర నుంచి పాప స్కూలు దాకా అడుగుతూనే ఉంటారు.